మాట నుంచి తీర్పు దాకా: కులదూషణ కేసుల అప్పీళ్లలో భాష, శిక్ష

వ్యాససంగ్రహం

కులం పేరుతో జరిగే అవమానం ఒక ప్రత్యేకమైన నేరం. ఇందులో ఆయుధమూ మాటే, సాక్ష్యమూ మాటే. ఆ మాట ఫిర్యాదులోకి, వాంగ్మూలంలోకి, ఇంగ్లీషు అనువాదంలోకి, చివరకు అప్పీలు తీర్పులోకి చేరే క్రమంలో ఏమి కోల్పోతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2008 నుంచి 2025 వరకు సుప్రీంకోర్టు వెలువరించిన కొన్ని తీర్పులను పాఠ్యాలుగా స్వీకరించి, తెలుగు సంబోధనా వ్యవస్థ నేపథ్యంలో చదువుతుంది. తగాదా వేరు, కులం వేరు అనే న్యాయస్థానాల విభజన తెలుగు భాషావ్యవహారం ముందు నిలవదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కులదూషణ, అత్యాచారాల నిరోధక చట్టం, అప్పీలు, శిక్ష, సంబోధన, అనువాదం.

1. చట్టంలో మాట

షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల (అత్యాచారాల నిరోధక) చట్టం 1989లో రూపొంది, 1990 జనవరి 30 నుంచి అమలులోకి వచ్చింది. అవమానాన్ని శిక్షార్హం చేసిన నిబంధన మొదట 3(1)(10)గా ఉండేది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ దానిని రెండుగా విడదీసింది. 3(1)(ఆర్) ప్రకారం, ప్రజల దృష్టిలో ఉండే ఏ చోటనైనా షెడ్యూల్డు కులానికో తెగకో చెందిన వ్యక్తిని కించపరచాలన్న ఉద్దేశంతో అవమానించడం లేదా బెదిరించడం నేరం. 3(1)(ఎస్) ప్రకారం, అటువంటి చోట కులం పేరుతో దూషించడం నేరం. రెండింటికీ శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా.

ఈ విభజనకు భాషాపరంగా చాలా ప్రాధాన్యం ఉంది. రెండో నిబంధనకు కులం పేరు కావాలి. మొదటిదానికి అక్కరలేదు. అంటే కులం పేరు నోట రాకుండానే కులపరమైన అవమానం జరగవచ్చునని చట్టసభ అంగీకరించింది. ఈ అంగీకారం కోర్టుల పఠనంలో ఎంతవరకు నిలిచిందన్నది వేరే ప్రశ్న.

పద్ధతికి సంబంధించి ఒక మాట. ఈ వ్యాసంలో తీర్పులను కక్షిదారుల పేర్లతో కాక సంవత్సరంతో, రాష్ట్రంతో పేర్కొనడం జరిగింది. క్రిమినల్ అప్పీలు సాధారణంగా అప్పీలుదారు పేరుతో స్థిరపడుతుంది. దూషణ కేసుల్లో ఆ అప్పీలుదారు చాలావరకు నిందితుడే. ఎదుటి పక్షం 'రాష్ట్రం'. దూషణకు గురైన మనిషి తీర్పులో 'ఫిర్యాది'గానో 'పి.డబ్ల్యు. 1'గానో మిగులుతాడు. అవమానం ఎవరికి జరిగిందో ఆ వ్యక్తికి కేసు శీర్షికలో చోటు లేకపోవడం న్యాయప్రక్రియ రీత్యా సహజమే. అయితే సాహిత్య విద్యార్థికి శీర్షిక కూడా పాఠ్యంలో భాగమే కదా.

2. వ్యుత్పత్తి కాదు, వ్యవహారం

2008లో ఢిల్లీకి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్య భాషాశాస్త్రవేత్తలు గమనించదగినది. చర్మకార వృత్తిని సూచించే ఒక కులనామంతో పిలవడం దూషణ అవుతుందా అన్నది అక్కడి ప్రశ్న. ఆ పదం వ్యుత్పత్తిని చూస్తే అది వృత్తివాచకం మాత్రమే. ప్రభుత్వ జాబితాలో ఉన్న పేరూ అదే. కానీ న్యాయస్థానం వ్యుత్పత్తిని పక్కన పెట్టి, ఆ పదం నేటి వాడుకలో ఏ పని చేస్తున్నదో చూడాలన్నది. ఎదుటివారిని చులకన చేయడానికే దానిని వాడుతున్నారని గుర్తించింది. 2011లో తమిళనాడు కేసులో ఇదే తర్కాన్ని తమిళ పదాలకు వర్తింపజేసి, శిక్షపడినవారి అప్పీళ్లను కొట్టివేసింది. అక్కడి దూషణలో కులనామానికి 'పయల్' అన్న మాట చేరింది. తెలుగులో '-గాడు' చేసే పనికి అది దగ్గరిది.

పదానికి అర్థం నిఘంటువులో కాక వినియోగంలో ఉంటుందన్న సూత్రాన్ని న్యాయస్థానం ఇంత స్పష్టంగా చెప్పడం విశేషం. తెలుగుకు ఈ సూత్రం మరింతగా అవసరం. 'మాదిగ' అన్న పదాన్నే తీసుకోవచ్చు. కులధ్రువీకరణ పత్రంలో అది పరిపాలనా పదం. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం తర్వాత అది ఆత్మగౌరవ పదం. 'రెడ్డి', 'శర్మ', 'చౌదరి' వలె పేరు చివర సగర్వంగా చేరింది. దళిత కవిత్వం తిట్టుగా వచ్చిన పదాన్ని స్వీయనామంగా తిరగరాసింది. అదే పదం పొలం గట్టు మీద మరొకరి నోట, మరో క్రియారూపంతో వస్తే నేరం. అక్షరాలు మారలేదు. మారినవి వక్త, శ్రోత, వారి మధ్య ఉన్న భూమి, కూలి, నీళ్లు. కనుక ఈ పదాన్ని దూషణగా నిర్ణయించేది చుట్టూ ఉన్న వాక్యం, ఆ వాక్యం చుట్టూ ఉన్న ఊరు.

ఇక్కడినుంచే చిక్కు మొదలవుతుంది. 'కులం పేరుతో దూషించినాడు' అన్న వాక్యం పోలీసు ఫిర్యాదుల్లో ఒక మూసగా స్థిరపడింది. ఫిర్యాదు రాసిపెట్టేవారికి ఆ వాక్యం చట్టం భాష. అసలు తిట్టును తిరిగి ఉచ్చరించడం బాధితునికి రెండో అవమానం, అందునా ఆడవారికి. అందుచేత మూసవాక్యం ఒక మరుగు కూడా అవుతుంది. కానీ విచారణలోనూ అప్పీలులోనూ నిందితుని తరఫు న్యాయవాది మొదట పట్టుకునేది దీనినే: ఏ మాటలన్నాడో ఫిర్యాదులో లేదు, కోర్టులో మాత్రం చెబుతున్నారు, కనుక ఇది తర్వాత చేర్చిన కల్పన అని. మర్యాద కోసం మింగిన మాట సందేహానికి ఆధారమవుతుంది.

3. ఇంగ్లీషు సర్వనామంలో కరిగిపోయేవి

తెలుగులో అవమానం అన్నివేళలా నామవాచకంలో ఉండదు. ఎక్కువసార్లు అది విభక్తిలోనో, క్రియాంతంలోనో, పిలుపులోనో ఉంటుంది. 'రండి', 'రా', 'రారా', 'రావే' అన్నవి ఒకే క్రియ. కానీ వాటి మధ్య దూరం సామాజికమైనది. తెలుగు సమాజంలో వయసు గౌరవానికి గట్టి ఆధారం. పెద్దవారిని చిన్నవారు 'మీరు' అనడం, లేదా వరస కలిపి 'మామా', 'పెద్దయ్యా' అనడం సాధారణ మర్యాద. ఆ వరస కులం గీత దగ్గర ఆగిపోతుంది. అరవయ్యేళ్ల పాలేరును పదహారేళ్ల ఆసామి కొడుకు 'ఏరా' అని పిలవడం, ఆ పెద్దాయన 'అయ్యా' అని పలకడం తెలుగు పల్లెల్లో తరతరాలుగా విన్న సంభాషణ. ఇక్కడ కులం పేరు రాలేదు. అయినా వయసును కులం ఓడించిందన్న సంగతి ఒక్క 'రా'లో వినిపిస్తుంది.

పేర్ల సంగతీ అంతే. ఊరిలో ఒక 'పుల్లయ్య' పుల్లయ్యగా ఉంటే, వాడలోని పుల్లయ్య 'పుల్లిగాడు' అవుతాడు. 'ఎల్లమ్మ' 'ఎల్లి' అవుతుంది. '-అయ్య', '-అమ్మ' ప్రత్యయాలు ఎవరికి దక్కుతాయో, ఎవరికి దక్కవో చెప్పే అలిఖిత వ్యాకరణం ఇది. దీనిని ఉల్లంఘించి, 'నన్ను గాడు అనవద్దు' అన్నవాడే సాధారణంగా గొడవకు మూలకారకుడిగా కనిపిస్తాడు.

ఇదే రూపాలు చనువునూ సూచిస్తాయి. స్నేహితుల మధ్య 'ఒరేయ్' తిట్టు కాదు. తల్లి పిలిచే 'ఒసేయ్'లో అవమానం లేదు. కనుక రూపాన్ని మాత్రమే చూసి నేరమని తేల్చడం కుదరదు. పరస్పరత ఉన్నదా అన్నదే గీటురాయి. 'ఏరా' అన్నవానిని తిరిగి 'ఏరా' అనగల హక్కు శ్రోతకు ఉంటే అది చనువు. లేకపోతే అది అధికారం. ఈ గీటురాయిని సాక్ష్యంలో పరీక్షించడం అసాధ్యమేమీ కాదు. ఊరిలో ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారో చెప్పడానికి సాక్షులకు ఇబ్బంది లేదు. అడిగేవారు కావాలి.

అడగకపోవడానికి ఒక కారణం భాషలోనే ఉంది. సాక్షి తెలుగులో చెప్పిన వాంగ్మూలాన్ని న్యాయాధికారి ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించడం తెలుగు జిల్లాల కోర్టుల్లో పరిపాటి. 'నువ్వు', 'మీరు', 'తమరు', 'ఏరా', 'ఏమే' అన్నీ ఇంగ్లీషులో ఒకే మధ్యమపురుష సర్వనామంగా మారతాయి. 'వాడు', 'అతను', 'ఆయన' ఒకే ప్రథమపురుష సర్వనామంగా మారతాయి. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టుల వ్యవహారం ఇంగ్లీషులో సాగుతుంది. కనుక అప్పీలు విచారించే న్యాయమూర్తి చేతికి అందేది సంబోధన తొలగిపోయిన పాఠ్యం. కులనామం ఒక్కటే లిప్యంతరీకరణలో బతికి ఉంటుంది. 3(1)(ఆర్)కు కులనామం అవసరం లేదని చట్టం చెప్పినా, అనువాదం కులనామాన్ని మాత్రమే మిగల్చడంతో ఆచరణలో అది కూడా 3(1)(ఎస్) వలెనే పఠించబడుతున్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 277వ సెక్షన్, వీలైనచోట సాక్షి మాట్లాడిన భాషలోనే వాంగ్మూలం నమోదు చేయడానికి అవకాశం ఇచ్చింది. ఆ 'వీలు' ఎంత వాడుకలో ఉన్నదో కోర్టు ఆవరణలో ఒక రోజు గడిపినవారికి చెప్పనక్కరలేదు.

4. అరుగు ఏ వైపు?

దూషణ ప్రజల దృష్టిలో ఉండే చోట జరగాలన్నది రెండు నిబంధనలకూ ఉమ్మడి షరతు. 2008 తీర్పు దీనికి ఉదారమైన అర్థం చెప్పింది. బహిరంగ స్థలం వేరు, ప్రజల దృష్టిలో ఉండే స్థలం వేరు. ఇంటి గేటు దగ్గర నిలబడిన మనిషిని తిడితే దారిన పోయేవారికి కనబడుతుంది, వినబడుతుంది, కనుక ఆ చోటు షరతుకు సరిపోతుంది. 2020 నాటి ఉత్తరాఖండ్ కేసులో మాత్రం దూషణ ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిందన్న అంశం ప్రాసిక్యూషన్‌కు అడ్డు నిలిచింది. ఈ చట్టం కింద మోపిన అభియోగం రద్దయింది. 2025 జనవరి 31న తమిళనాడు కేసులో ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరును ఆయన కార్యాలయ గదిలోనే దూషించారన్న ఆరోపణ కూడా ఇలాగే కొట్టుడుపోయింది. సహోద్యోగులు గదిలోకి తర్వాత వచ్చారన్నది కారణం.

చట్టం పాఠంలో 'ప్రజల దృష్టి' ఉన్నది కాబట్టి న్యాయస్థానం దానిని విస్మరించజాలదు. విమర్శ ఆ పదాన్ని ఏ ఇంటి నమూనాతో చదువుతున్నారన్నదాని మీద. గోడలు, తలుపు, గేటు ఉన్న నగర గృహం ఈ తీర్పుల ఊహలో ఉన్నది. తెలుగు పల్లెలోని అరుగు ఇంటిదా, వీధిదా? వాకిలి, పెరడు, కళ్లం, చావడి, పశువుల కొట్టం మాటేమిటి? పాలేరూ పాచిపనిమనిషీ అవమానం పొందేది వీధిలో కంటే ఎక్కువగా ఆసామి పెరట్లోనే. అక్కడ ఉండే తక్కిన మనుషులు ఆ ఇంటి బంధువులు, తోటి పనివారు. మొదటివారు సాక్ష్యం చెప్పరు, రెండోవారు చెప్పలేరు. అవమానానికి అసలు నెలవైన చోటే చట్టం దృష్టికి అందని చోటు కావడం చట్టరచనలోని లోపం. దీనిని కేవలం న్యాయమూర్తుల మీదకు నెట్టడం సరికాదు.

5. తగాదా వేరు, కులం వేరా?

2020 తీర్పులో మరో ముఖ్యమైన పఠనం ఉంది. ఇరుపక్షాల మధ్య భూమి స్వాధీనం గురించి వివాదం నడుస్తున్నది. బాధితుడు షెడ్యూల్డు కులానికి చెందినవాడైనంత మాత్రాన ప్రతి అవమానమూ ఈ చట్టం కిందకు రాదని, ఆ కులంవాడు అన్న కారణంగానే అవమానించి ఉండాలని న్యాయస్థానం అన్నది. 2021 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మధ్యప్రదేశ్ కేసులో ఈ దారినే నడిచింది. ఘటన 1994 నాటిది. పొరుగువారి మధ్య భూతగాదా, ఇటుక విసరడం, కులం పేరుతో తిట్లు. విచారణ కోర్టు కనీస శిక్ష అయిన ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా విధించింది. హైకోర్టు 2010లో దానిని ఖాయం చేసింది. సుప్రీంకోర్టు ముందు ఇరుపక్షాలు రాజీ పడినట్లు చెప్పగా, రాజ్యాంగం 142వ అధికరణం కింద కేసునే రద్దు చేసింది. వివాదం మౌలికంగా సివిల్ తగాదా అని, అప్పటికే గడిచిన కాలం సుదీర్ఘమని, ఇరువురూ ఒకే ఊరివారని కారణాలు చూపింది. రాజీ స్వచ్ఛందమా కాదా అని జాగ్రత్తగా చూడాలని హెచ్చరించింది కూడా.

ఇరవై ఏడేళ్ల తర్వాత ఒక పేదవానిని ఆరు నెలల జైలుకు పంపడం వల్ల ఎవరికి మేలన్న ప్రశ్న న్యాయమైనదే. ఇబ్బంది ఫలితంలో లేదు, కారణంలో ఉంది. కోపంలో వచ్చిన తిట్టుకు మూలం తగాదా అయితే అది కులానిది కాదన్న అంతరార్థం ఈ పఠనంలో ఉంది. మరి కులం ఎప్పుడు మాట్లాడుతుంది? ఏ తగాదా లేని వేళ, తీరిగ్గా, అకారణంగా ఎవరూ ఎవరినీ కులం పేరుతో తిట్టరు. తిట్టుకు సందర్భం కావాలి. ఆ సందర్భం భూమి, నీళ్లు, కూలి, దారి, కుర్చీ.

తెలుగు నేల మీద దీనికి రుజువులు దూరాన లేవు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురైన ఘటనకు మొదలు చెరువు దగ్గర ఒక మాటామాటా. తాగే నీళ్లలోకి పశువులను కడిగిన మురికి నీరు పోతున్నదని అభ్యంతరం చెప్పడం, ఒక దళిత స్త్రీ బిందె ఎత్తడం. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని బలిగొన్న చుండూరు ఘటనకు ముందు సినిమాహాలులో కాలు తగిలిందన్న వివాదం. ఉత్తరాఖండ్ తీర్పు గీటురాయితో చదివితే మొదటిది నీటి తగాదా, రెండోది కుర్చీ తగాదా. ఆ తగాదాల్లో ఒక పక్షం నోరెత్తడమే నేరమైపోయింది. ఆ నేరానికి పేరు కులం. సమానుల మధ్య అయితే తిట్టుతో ముగిసే తగాదా ఇక్కడ ఊరంతా కదిలేదాకా పెరిగిందంటే, తగాదా లోపల ఉన్నదేమిటో వేరుగా నిరూపించాలా?

ఆశ్చర్యమేమంటే, ఇదే న్యాయస్థానం అదే 2021లో, ఏప్రిల్ 27న, కర్నూలు ప్రాంతానికి చెందిన కేసులో భిన్నంగా ఆలోచించింది. చూపులేని ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం అది. కులం, లింగం, వైకల్యం విడివిడిగా కాక కలసి పనిచేస్తాయని, నేరానికి ఉన్న కారణాల్లో కులం ఒకటైనా చాలునని, అదొక్కటే కారణం కానక్కరలేదని తీర్పు వివరించింది. అయినా 2016కు ముందటి పాఠం వర్తించే కేసు కావడంతో, కులం కారణమని చూపే ప్రత్యేక సాక్ష్యం రికార్డులో లేదంటూ 3(2)(5) కింద పడిన శిక్షను పక్కన పెట్టి, అత్యాచార నేరానికి పడిన యావజ్జీవ శిక్షను నిలబెట్టింది. వాదంలో అంగీకరించిన దానిని ఫలితంలో ఇవ్వలేకపోయిన తీర్పు ఇది. అయినా 'కారణాల్లో ఒకటి' అన్న దాని సూత్రం దూషణ కేసులకు చేరవలసి ఉండగా, ఆరు నెలల తర్వాతి తీర్పులో దాని జాడ కనిపించదు.

నిందితుని హక్కుల సంగతి తేలిక చేయడానికి లేదు. దూషణ ఆరోపణకు భౌతిక ఆధారం ఉండదు, గాయపత్రం ఉండదు. పాత కక్షతో ఫిర్యాదు చేసే అవకాశం ఏ చట్టంలోనైనా ఉన్నట్లే ఇక్కడా ఉంది. ఆ భయంతోనే 2018 మార్చిలో సుప్రీంకోర్టు ముందస్తు విచారణ వంటి షరతులు పెట్టగా, పార్లమెంటు అదే ఏడాది 18ఎ సెక్షన్‌తో వాటిని తొలగించింది. 2020లో ఆ సవరణ నిలిచింది. అయితే ఫిర్యాదు అబద్ధమా అని పరీక్షించడం వేరు, ఫిర్యాదు నిజమని నమ్మి కూడా తిట్టులోని కులాన్ని తగాదాగా అనువదించడం వేరు. మొదటిది సాక్ష్య పరిశీలన. రెండోది పాఠ్య పఠనం. విమర్శకు పని ఉన్నది ఈ రెండోదానితోనే.

6. శిక్ష దగ్గర

ఈ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు దాటిన దోషికి ప్రొబేషన్ చట్టం సడలింపులు వర్తించవు. కనీస శిక్ష ఆరు నెలలు కనుక, హైకోర్టు దోషిత్వాన్ని నిలబెడితే అంతకు తగ్గించలేదు. దీనివల్ల అప్పీలు కోర్టు ముందు మెట్లు లేవు. ఆరు నెలలు, లేదా ఈ చట్టం నుంచి పూర్తి విముక్తి. శిక్ష మరీ కఠినమని మనసులో తోచిన న్యాయమూర్తికి శిక్షను సవరించే దారి లేదు. సెక్షన్‌ను తొలగించే దారి ఉంది. సెక్షన్ పోతే, మిగిలిన సాధారణ శిక్షాస్మృతి నేరానికి, అంటే చేయిచేసుకోవడానికో బెదిరింపుకో, ప్రొబేషన్ తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. కఠినత్వం కోసం పెట్టిన నిబంధన, 'ప్రజల దృష్టి', 'కారణం' అన్న పదాల సంకుచిత పఠనానికి ప్రోద్బలమయ్యే అవకాశం ఇందులో ఉంది.

కాలం సంగతి మరొకటి. ప్రత్యేక కోర్టులు అభియోగపత్రం దాఖలైన రెండు నెలల్లో, హైకోర్టు 14ఎ కింద వచ్చిన అప్పీలును మూడు నెలల్లో సాధ్యమైనంతవరకు ముగించాలని సవరించిన చట్టం అంటుంది. చుండూరు విచారణ తీర్పు 2007 జులై 31న వెలువడింది, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. హైకోర్టు 2014 ఏప్రిల్ 22న వారందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అంత పెద్ద కేసును దూషణ కేసుతో పోల్చడం తగదు. అయినా కాలం ఏ పక్షాన పనిచేస్తుందో తెలుస్తుంది. మధ్యప్రదేశ్ కేసులో గడిచిన ఏళ్లే నిందితునికి సడలింపు కారణమయ్యాయి. ఆ ఏళ్లలో అదే ఊళ్లో, అదే పొరుగువారి మధ్య బతికిన ఫిర్యాది రాజీపత్రంపై చేసిన సంతకాన్ని ఎలా చదవాలో చెప్పే సూత్రం ఏ తీర్పులోనూ లేదు.

2016 సవరణ ఇచ్చిన 15ఎ సెక్షన్ ఇక్కడ కీలకం. బెయిలు, దోషిత్వం, శిక్షలకు సంబంధించిన ప్రతి దశలోనూ బాధితునికి ముందుగా నోటీసు ఇవ్వాలి, ఆయన మాట వినాలి, లిఖితపూర్వక నివేదన స్వీకరించాలి. ఈ నోటీసు లాంఛనం కాదని 2021లో రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేస్తూ, నోటీసు లేకుండా హైకోర్టు ఇచ్చిన బెయిలును రద్దు చేసింది. ఆ అప్పీలు వేసినది హతుని సోదరుడు. ఈ వ్యాసం పరిశీలించిన అప్పీళ్లలో బాధితపక్షం పేరు శీర్షికలో ముందు కనిపించేది అక్కడే.

అదే సెక్షన్‌లో పదో ఉపనిబంధన ఉంది. ఈ చట్టం కింద జరిగే విచారణలన్నింటినీ వీడియోలో నమోదు చేయాలని అది ఆదేశిస్తుంది. దానిని భద్రతకో పారదర్శకతకో సంబంధించినదిగా చూడడం రివాజు. భాషాదృష్టితో చూస్తే, సాక్షి పలికిన 'ఏరా'ను, ఆ పలకడంలోని తడబాటును, ప్రశ్న అడిగిన న్యాయవాది సాక్షిని 'మీరు' అన్నాడా 'నువ్వు' అన్నాడా అన్న సంగతిని అనువాదం బారిన పడకుండా దాచగల ఏకైక ప్రతి అది. హైకోర్టు ముందుకు వెళ్లే అప్పీలు కట్టలో మాత్రం ఉండేవి టైపు చేసిన ఇంగ్లీషు పుటలే.